మెత్తబడిన పండుతో సాసు: మా సంఘం అనుభవం
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని మాట్లాడమన్నది స్ట్రాబెర్రీ సాసు గురించి. మేము పది మందిమి. లంబసింగి ఘాట్‌కి దగ్గరగా ఉన్న ఊరు మాది. ఇందాక కార్యదర్శి గారు మమ్మల్ని పిలుస్తూ "విజయగాథ" అన్నారు. ఆ మాటకి మాలో ఇద్దరికి నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో మధ్యలో చెప్తాం. ముందు పండు సంగతి.

స్ట్రాబెర్రీ మా తాతల నాటి పంట కాదు. మాకు తెలిసింది మిరియం, కాఫీ, పసుపు, పిప్పళ్లు, చోడి, సామలు. స్ట్రాబెర్రీ మొక్కలు మహారాష్ట్రలో మహాబలేశ్వరం వైపు నుంచి వచ్చాయి. అక్కడిలాగే ఇక్కడా కొండమీద చలి ఉంటుంది కాబట్టి పట్టుకున్నాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో నాటితే డిసెంబరు నుంచి కాపు. మంచు చూడ్డానికి జనం తెల్లారకముందే కార్లేసుకొచ్చే రోజులూ అవే. డబ్బాల్లో పేర్చి రోడ్డు పక్కన పెడితే కొనుక్కుపోతారు. ఇంతవరకు బాగానే ఉంది.

బాగోనిది ఏటంటే, ఈ పండుకి తొక్క లేదు. మామిడిపండు కింద పడినా ఒక పూట ఓర్చుకుంటుంది. ఇది వేలు గట్టిగా తగిలితే మర్నాటికి అక్కడ మచ్చ. పైగా కోశాక మగ్గదు. పచ్చిగా కోసి గడ్డిలో పెడదామంటే కుదరదు, కోసినప్పుడు ఎంత తీపి ఉందో అంతే. అందుకని పూర్తిగా ఎర్రబడ్డాక కొయ్యాలి, కోసిన వెంటనే అమ్మాలి. గంప దింపగానే వ్యాపారి మొదటి రకం డబ్బాల్లోకి తీసుకుని, చిన్నవి, వంకరవి, కొంచెం మెత్తబడినవి పక్కకి నెట్టేస్తాడు. సంక్రాంతి సెలవులైపోయి జనం తగ్గాక ఆ పక్కకి నెట్టేది ఇంకా పెరుగుతుంది. ఆ పండ్లు మేము తినేవాళ్లం, పిల్లలు తినేవాళ్లు, మిగతావి గొడ్లకి. పొద్దుట నాలుగున్నరకి చలిలో వంగి వంగి కోసిన చేతులకి ఆ గంప గొడ్ల ముందు పొయ్యడం ఎలా ఉంటుందో పంట పండించే మీకు చెప్పక్కర్లేదు.

దాంతోనే మొదలుపెట్టాం. మాలో ఒకామె కూతురు నర్సీపట్నంలో చదువుకుంటోంది. ఐస్‌క్రీం మీద ఎర్రగా పోసేది ఈ పండు రసమేనమ్మా అని సెలవులకి వచ్చినప్పుడు చెప్పింది. చేసి చూశాం. మొదటిసారి నీళ్లు పోసి ఉడికించాం, చారు అయింది. రెండోసారి చిక్కబడేదాకా ఉంచాం, జిగురు అయింది, రంగు ఇటుకరాయిలా తిరిగింది. నాలుగోసారికి కుదిరింది. ఆ కుదిరిన పద్ధతి ఇప్పుడు చెప్తాం, పుస్తకం తెచ్చుకున్నవాళ్లు రాసుకోండి.

పండు అరకిలో. మెత్తబడినదైనా పర్వాలేదు, చెప్పాలంటే సాసుకి బాగా పండినదే రుచి. కానీ మెత్తబడటం వేరు, బూజు పట్టడం వేరు. నలిగిన చోటు చాకుతో తీసేసి మిగతాది వాడొచ్చు. తెల్లగానో బూడిదరంగుగానో నూగు కనిపించిన పండుని మాత్రం కోసి సగం వాడదామనుకోవద్దు, మొత్తం పారెయ్యండి. ఇలాంటి మెత్తటి పండులో బూజు కంటికి కనిపించేదానికన్నా లోపలికి పోయి ఉంటుంది.

కడగడం తొడిమలు తియ్యకముందే. తొడిమ తీసి నీళ్లలో వేస్తే పండు స్పాంజిలా నీళ్లు తాగి చప్పబడుతుంది. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, పండ్లు వేసి, చేత్తో మెల్లగా కదిపి తీసెయ్యాలి. అలా రెండు నీళ్లు, మట్టి ఎక్కువుంటే మూడు. తోటల్లో మందు కొడతారన్నది మనకి తెలిసిందే కదా, కాబట్టి కడగడంలో బద్ధకం వద్దు. పాత పంచె గుడ్డ మీద ఆరబెట్టి, అప్పుడు తొడిమలు గిల్లి, ఒక్కో పండు నాలుగు ముక్కలు చెయ్యండి.

పంచదార 125 గ్రాములు. పండు మరీ పుల్లగా ఉంటే 150 వరకు పోవచ్చు. ముక్కల మీద పంచదార చల్లి, మూత పెట్టి, అరగంట అలా వదిలెయ్యండి. వచ్చి చూస్తే గిన్నె అడుగున ఎర్రటి నీరు ఊరి ఉంటుంది. ఉప్పు చల్లిన మామిడి ముక్కల్లో ఊట వచ్చినట్టే. ఆ ఊటే చాలు, నీళ్లు ఒక్క చుక్క వెయ్యక్కర్లేదు. మా మొదటి చారుకి కారణం ఈ అరగంట ఆగకపోవడమే.

గిన్నె స్టీలుది, అడుగు మందంగా ఉన్నది. అల్యూమినియం గిన్నె, మనలో కొందరు సత్తు గిన్నె అంటారు, అది వద్దు. ఇనప మూకుడూ వద్దు. పుల్లటి పండు ఆ లోహాల్ని తింటుంది, రంగు నల్లబడుతుంది, రుచిలో ఏదో తుప్పు తగులుతుంది. పులుసు కాచే గిన్నె విషయంలో అత్తలు చెప్పే మాటే ఇది.

ముక్కల్లో మూడో వంతు పక్కన పెట్టుకోండి. మిగతావి ఊటతో సహా పొయ్యి మీద పెట్టి, మొదట సన్నసెగ. పంచదార పూర్తిగా కరిగేదాకా కలుపుతూ ఉండాలి, లేకపోతే అడుగంటుతుంది. కరిగాక మధ్యరకం సెగ. పైకి లేత గులాబీరంగు నురగ వస్తుంది, గరిటెతో తీసి పక్కన గిన్నెలో వేసుకోండి, అది పిల్లల వాటా. ముక్కలు మెత్తబడ్డాక పప్పుగుత్తితో ఓ నాలుగుసార్లు అదమండి. మిక్సీలో వేస్తే నున్నగా వస్తుంది, కావాలనుకున్నవాళ్లు వేసుకోండి. మాకు మాత్రం పలుకు పలుకుగా ఉంటేనే పండు తిన్నట్టుంటుంది. ఎనిమిది నుంచి పది నిమిషాలు. పక్కన పెట్టిన ముక్కలు ఆఖరి రెండు నిమిషాల్లో వేస్తే అవి ముక్కలుగానే నిలబడతాయి.

దింపేది ఎప్పుడన్నదే అసలు కిటుకు. వేడిమీద ఇది ఎప్పుడూ పల్చగానే కనిపిస్తుంది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటే మా రెండోసారి జిగురు మీకూ వస్తుంది. ఫ్రిజ్‌లో గానీ, లేకపోతే చల్లటి నీళ్ల మీద గానీ ఒక స్టీలు పళ్లెం ముందే చల్లబరిచి ఉంచుకోండి. ఒక చెంచా సాసు దానిమీద వేసి, ఒక నిమిషం ఆగి, వేలితో గీత గియ్యండి. గీత వెంటనే మూసుకుపోతే ఇంకో రెండు నిమిషాలు ఉంచాలి. గీత నిలబడి అంచులు మెల్లగా జరుగుతుంటే అయిపోయినట్టే, దింపెయ్యండి. లడ్డూకి, అరిసెకి పాకం చూసే చేతులకి ఇది పెద్ద పనేం కాదు. పాకానికి పడేంత గట్టితనం దీనికి అక్కర్లేదు, అంతే తేడా.

దింపాక ఒక నిమ్మకాయలో సగం పిండండి, చిటికెడు ఉప్పు. నిమ్మరసం పడగానే రంగు వెలిగినట్టవుతుంది, చూడండి. తీపికి కూడా ఒక కోణం వస్తుంది. మాలో ఒక పెద్దామె పెరట్లో మిరియపు తీగ ఉంది. ఆమె ఒకరోజు మమ్మల్ని అడక్కుండానే దంచిన మిరియాలు చిటికెడు వేసేసింది. అందరం అరిచాం. తిన్నాక నోరు మూసుకున్నాం. అప్పట్నుంచి మా సాసులో మిరియం ఉంటుంది. మీ ఇష్టం, తప్పనిసరి కాదు.

అరకిలో పండుకి పావులీటరు సీసా నిండి కొంచెం మిగులుతుంది. బెల్లంతో చెయ్యొచ్చా అని చాలామంది అడుగుతారు. చెయ్యొచ్చు, కానీ స్ట్రాబెర్రీ సున్నితమైన పండు, బెల్లం రుచి దాన్ని మింగేస్తుంది, రంగు నల్లబడుతుంది. నేరేడుకైతే బెల్లం బాగుంటుంది.

ఇప్పుడు "విజయగాథ" సంగతి.

సాసు కుదిరింది. ఇంట్లోవాళ్లు మెచ్చుకున్నారు, పక్కింటివాళ్లు అడిగి తీసుకెళ్లారు. మాకు ధైర్యం వచ్చింది. ధైర్యం అనాలో తొందర అనాలో. ఆ మార్చి నెలలో, సీజను అయిపోతోంది, పండు మిగులుతోంది అని, సంఘం పొదుపు నుంచి 3,000 రూపాయలు అంతర్గత అప్పు రాసుకుని 60 సీసాలు చేశాం. లెక్క చెప్తాం, దాచేదేం లేదు. సీసాలు ఒక్కోటి 14 చొప్పున 840. పండు మాలో నలుగురి తోటల నుంచి తలా నాలుగు కిలోలు, కిలో 60 చొప్పున 960. పంచదార నాలుగు కిలోలు 180. నిమ్మకాయలు 60. గ్యాసు 450. లేబుళ్లు 350. బస్సులో లగేజీ 160. కూడితే 3,000. మా కూలి ఇందులో లేదు.

కింద మైదానంలో ఒక దుకాణం ఆయన, అమ్ముడయ్యాక డబ్బులిస్తానని అరవై సీసాలూ తీసుకున్నాడు. తొమ్మిదో రోజు ఫోను. "అమ్మా, మీ సీసాలు మూతలు లేపేస్తున్నాయి, వచ్చి పట్టుకుపోండి." వెళ్లి చూస్తే కొన్ని మూతలు ఉబ్బి ఉన్నాయి, కొన్ని ఊడి అరల మీదంతా ఎర్రటి నురగ. ఒకటి తెరిస్తే బుస్సుమంది. వాసన చూడగానే మాకు తెలిసిపోయింది. మా ఊరివాళ్లకి ఆ వాసన కొత్త కాదు. పొద్దెక్కిన జీలుగు కల్లు వాసన. సాసు పులిసిపోయింది.

ఆయన్ని మేము ఒక్క మాట అనలేం. కొన్న ఒకరిద్దరికి తన జేబులోంచి డబ్బు తిరిగిచ్చాడు, అరలు కడుక్కున్నాడు. అరవైకి అరవై లెక్కేసి వెనక్కి తెచ్చుకున్నాం, మూత లేవనివి కూడా. లేవనివాటిని అమ్ముదామా అని మాలో ఒకరు బస్సులో అన్నారు. ఎవరూ జవాబు చెప్పలేదు. ఊరికొచ్చాక గొయ్యి తీసి అన్నీ అందులో పోశాం. సీసాలు కడిగి అటక మీద పెట్టాం.

ఆ వారం సమావేశం రెండున్నర గంటలు నడిచింది. నష్టం పది మందీ పంచుకోవాలి, తలా 300 అన్నారు కొందరు. "నేను గరిటె పట్టలేదు, వద్దని కూడా చెప్పాను, నేనెందుకు కట్టాలి" అని ఒకామె. నిజమే, ఆమె ముందే చెప్పింది. ఎండలు ముదురుతున్నాయి, ఇది ఊరగాయ కాదు, నిలవుంటుందో లేదో ఒక సీసా నెలరోజులు పెట్టి చూద్దాం అంది. మేమే వినలేదు. ఇంకొకామెకి ఇంట్లో మాట పడింది, పారేసే పండుకి మూడు వేలు తగలేశారా అని. ఆఖరికి ఆ వద్దన్నామె దగ్గర 300 తీసుకోకూడదని, ఆ మొత్తం మిగతా తొమ్మిది మందిమి సర్దుకోవాలని తీర్మానం రాశాం. సంతకాలయ్యాక ఆమే 300 తీసి బల్ల మీద పెట్టింది. "పుస్తకంలో తీర్మానం అలాగే ఉండనీండి, నా మాట రాసి ఉండాలి, డబ్బు మాత్రం తీసుకోండి" అంది. ఆ తీర్మానం పుస్తకం ఇవాళ మాతో తెచ్చాం, కావలసినవాళ్లు చూడొచ్చు.

ఎందుకు పులిసిందో తర్వాత తెలుసుకున్నాం. ఇది ఇంట్లో చేసుకునేవాళ్లకి కూడా కావలసిన సంగతి, కొంచెం వినండి. జాము నెలల తరబడి నిలవుంటుంది కదా, సాసు ఎందుకుండదు అని మేమనుకున్నాం. జాములో పండు ఎంతో ఇంచుమించు పంచదార అంత. అది బాగా దగ్గరపడేదాకా ఉడుకుతుంది. అంత పంచదార పండులో నీటిని పట్టేసుకుంటుంది, పులియబెట్టే సూక్ష్మజీవులకి తాగడానికి నీరు మిగలదు. సాసులో పంచదార పావు వంతే. నీరు బోలెడు, తీపి బోలెడు, వాటికి పండగే. ఆవకాయలో ఉప్పు తగ్గిస్తే ఏమవుతుందో అదే. మనం ఒంటికి మంచిదని ఉప్పు తగ్గిస్తాం, ఆవకాయ బూజు పడుతుంది, అప్పుడు కారం మీదకి నెడతాం.

దీనికి తోడు మేము చేసిన తప్పులు మూడు. సీసాలు కడిగాం గానీ నీళ్లలో మరిగించలేదు. మూతలు తడిగా ఉండగానే బిగించాం. సాసు చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక పోశాం, కాలుతుందని భయపడి. ఆపైన చలి ఊరి నుంచి మార్చి ఎండలోకి పంపాం. ఇక ఏటి మిగులుతుంది!

కాబట్టి ఇంట్లో చేసుకునేవాళ్లకి మా మాట ఒక్కటే. ఇది వారంలో తినేసే వస్తువు. ఫ్రిజ్‌లో పెట్టుకోండి, వారం, మహా అయితే పది రోజులు. ఫ్రిజ్ లేని ఇంట్లో ఆ పూటకి, మర్నాటికి సరిపడా చేసుకోండి, అరకిలో కాదు, పావుకిలో చాలు. సీసా గాజుది. పెద్ద గిన్నె అడుగున గుడ్డ పరిచి, సీసాలు పెట్టి, మునిగేలా నీళ్లు పోసి, పది నిమిషాలు మరగనివ్వండి. గుడ్డ లేకపోతే అడుగున కొట్టుకుని పగులుతాయి. తీసి శుభ్రమైన గుడ్డ మీద బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. సాసు వేడిగా ఉన్నప్పుడు వేడి సీసాలోనే పొయ్యాలి, చల్లటి సీసాలో పోస్తే చిట్లుతుంది. తడి చెంచా పెట్టొద్దు. నాకిన చెంచా అసలు పెట్టొద్దు, ఇది పిల్లలకి చెప్పినట్టే పెద్దవాళ్లకీ చెప్పాలి. బుడగలు కనిపించినా, మూత తీస్తే బుస్సుమన్నా, పైన నూగు వచ్చినా రుచి చూసి పరీక్షించొద్దు, పారబొయ్యండి.

నెలలు ఉంచాలంటే డీప్‌ఫ్రీజరు. ఐసు ముక్కల ట్రేలో సాసు పోసి గడ్డకట్టించి, ఆ ముక్కలు కవర్లో వేసుకుంటే కావలసినన్ని తీసుకోవచ్చు. పండునే అలా పెట్టినా ఫర్వాలేదు. కడిగి, ఆరబెట్టి, తొడిమ తీసి, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి గడ్డకట్టించాలి, తర్వాత కవర్లోకి. కరిగాక ముద్దగా అవుతుంది, ఊరికే తినడానికి బాగోదు గానీ సాసుకి దానికన్నా మంచిది లేదు.

స్ట్రాబెర్రీ మాకు పండదు కదా అని వెనక వరసల్లో అనుకుంటున్నారు, వినిపిస్తోంది. మీకు నేరేడు ఉంది. మేము జూన్, జూలైల్లో దానితోనే చేస్తాం, నిజం చెప్పాలంటే మాలో సగం మందికి అదే ఎక్కువ ఇష్టం. నేరేడు కిలో తీసుకోండి, నల్లగా పూర్తిగా పండినవే. ఎరుపు తిరుగుతున్నవి వేస్తే వగరు నాలుకని పట్టేస్తుంది. ఉప్పు నీళ్లలో కాసేపు ఉంచి కడగండి. ఒక్కొక్క గింజ చాకుతో తీస్తూ కూచుంటే తెల్లారుతుంది. అర గ్లాసు నీళ్లతో ఐదారు నిమిషాలు ఉడికిస్తే తొక్క పగిలి గుజ్జు వదులుతుంది. చల్లారాక చిల్లుల గిన్నెలో వేసి చేత్తో రుద్దండి, గింజలు పైన ఉండిపోతాయి. మిక్సీలో గింజలతో తిప్పారా, చేదు దిగుతుంది, ఇక దాన్ని ఎవరూ బాగు చెయ్యలేరు. ఆ గుజ్జులో 150 నుంచి 200 గ్రాముల పంచదార గానీ బెల్లం తురుము గానీ వేసి, మళ్లీ పొయ్యి మీద ఏడెనిమిది నిమిషాలు. నిమ్మరసం కొంచెమే. చేతులు, గోళ్లు, చీర చెంగు, గట్టు అన్నీ ఊదారంగు అవుతాయి, పాత చీర కట్టుకుని చెయ్యండి.

ఇక్కడ ఒక మాట. నేరేడు షుగరుకి మంచిదని అందరం వింటున్నాం. పండు సంగతి డాక్టరుని అడగండి. ఈ సాసులో మాత్రం మనం పంచదార పోశాం. షుగరున్న అత్తకి మందులాగ రోజూ రెండు చెంచాలు పెట్టే పని చెయ్యొద్దు. మాలో ఒకరు చేశారు, అందుకని చెప్తున్నాం.

వాక్కాయతో కూడా వస్తుంది, అది బాగా పులుపు కాబట్టి పంచదార రెట్టింపు పడుతుంది. కాయ కోసినప్పుడు పాలు కారతాయి, అవి పోయేలా కడుక్కోవాలి. మల్బరీ పండ్లు దొరికేవాళ్లు స్ట్రాబెర్రీ పద్ధతిలోనే చేసుకోవచ్చు.

తినడం ఎలాగన్నది కూడా అడుగుతారు. గట్టి పెరుగులో రెండు చెంచాలు వేసి కలపకుండా తినండి. చల్లారిన సేమ్యా మీద, చపాతీలో చుట్టి, చల్లటి నీళ్లలోనో సోడాలోనో కలిపి. వేడి పాలల్లో మాత్రం వెయ్యొద్దు, పులుపుకి విరిగిపోతాయి. మా పిల్లలు వేడి చోడి దోసె మీద వేసుకుని తింటారు. ఆ దోసే మమ్మల్ని మళ్లీ నిలబెట్టింది.

సీసాలు అటకెక్కాక మేము సాసు అమ్మకం మాట ఎత్తలేదు. తర్వాతి డిసెంబరులో రోడ్డు పక్క టీ, దోసెల బండి పెట్టాం. ఒక తెల్లవారుజామున వచ్చిన కుటుంబంలో ఒక పిల్ల కారం చట్నీ తినలేక ఏడుస్తుంటే, మాలో ఒకామె ఇంటి నుంచి తెచ్చుకున్న సాసు దోసె మీద వేసి ఇచ్చింది. వాళ్ల పెద్దవాళ్లు కూడా అడిగారు. ఆ రోజు నుంచి రాత్రి సాసు కాచి, పొద్దున గిన్నెతో తీసుకెళ్లి, మధ్యాహ్నానికి అవగొడుతున్నాం. సీసా లేదు, లేబుల్ లేదు, నిలవ లేదు. మిగిలితే ఇంటికి. ఇది ముందే తోచి ఉంటే ఆ 3,000 మిగిలేవి కదా అని వద్దన్నామె ఇప్పటికీ అంటుంది.

అమ్మాలనుకునేవాళ్లు ఆహార భద్రత రిజిస్ట్రేషను తీసుకోండి, బండికైనా సరే. మేము తీసుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉన్న చిన్నవాళ్లకి ఏడాదికి 100 రూపాయలు రుసుము. 14 అంకెల నంబరు ఇస్తారు. మొదటిసారి సీసాలమ్మినప్పుడు మాకది లేదు. ఆ సాసు తిని ఎవరికైనా కడుపు పాడై ఉంటే అన్న ఆలోచన వస్తే మాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. సీసాలో అమ్మాలనే పట్టుదల ఉంటే సాసు కాదు, జాము చెయ్యండి, అదీ శిక్షణ తీసుకుని. 2020లో మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పథకంలో, ఆహార పదార్థాలు తయారుచేసే సంఘ సభ్యులకి ఒక్కొక్కరికి 40,000 రూపాయల దాకా మూలనిధి సమాఖ్య ద్వారా ఇచ్చే ఏర్పాటు చేశారు. మేము ఇంకా దరఖాస్తు పెట్టలేదు. ఒక సీజను లెక్క తప్పులేకుండా రాసి, అప్పుడు పెడదామనుకున్నాం. ఈసారి తొందరపడదలచుకోలేదు.

సమాఖ్యని ఒకటి అడుగుతున్నాం. ఫిబ్రవరి, మార్చిల్లో మా చుట్టుపక్కల ఊళ్లన్నిట్లో ఒకేసారి పండు మిగిలిపోతుంది. జూన్‌లో నేరేడూ అంతే. సమాఖ్య భవనంలో ఒక డీప్‌ఫ్రీజరు ఉంటే, కిలోకి ఇంత అని అద్దె పెట్టినా కట్టుకుంటాం. కరెంటు పోతే ఏం చెయ్యాలి, తాళం ఎవరి దగ్గర ఉండాలి, ఎవరి కవరు ఎవరిదో ఎలా తెలియాలి అన్నవి మాట్లాడుకోవాలి. ఒక కాగితం మీద రాసి కోశాధికారి గారికి ఇచ్చాం. మధ్యాహ్నం భోజనాల తర్వాత చర్చకి వస్తుందన్నారు, దయచేసి అప్పటిదాకా ఉండండి, బస్సు టైమని ముందే లేచిపోవద్దు.

బయట వేపచెట్టు కింద బల్ల వేశాం. ఈ తెల్లవారుజామున కాచిన సాసు, చోడి దోసెలు ఉన్నాయి. డబ్బులక్కర్లేదు. స్టీలు చెంచాలు మాత్రం మా ఊరి అంగన్‌వాడీ నుంచి అడిగి తెచ్చినవి, 40 ఉన్నాయి, తిన్నాక బకెట్లో వెయ్యండి.